నీలం చీటీ సీసాలు

డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కేటప్పుడు ఆ మూలికల వ్యాపారి దగ్గర ఉన్నవి రెండే: సీలు విప్పని ఒక గోనెసంచి, కూతురి ఆపరేషన్‌కు మిగిలిన మూడు రోజుల గడువు.

"ఇది నేల ఉసిరండీ. ఆర్నెల్ల కిందట పరిశోధనశాలకు వెళ్లాల్సిన సంచి. నిన్న గోదాము సర్దుతుంటే బయటపడింది. అంటే వాళ్లకు నేను పంపింది ఎండు చింతాకు. ఎండితే రెండూ ఒకేలా ఉంటాయి."

డిటెక్టివ్ సహాయకురాలు, ఒకప్పటి నర్సు, ఆయనకు కుర్చీ జరిపింది.

పరిశోధనశాలలో ఎలుకల కాలేయాన్ని మూడింట రెండు వంతులు కోసి, ఆ ఆకు సారం తాగించారట. నీళ్లు మాత్రమే తాగినవాటికన్నా వీటి కాలేయం ఎంతో వేగంగా పెరిగిందని ప్రకటించారు. అది నమ్మి సర్జన్, వ్యాపారి కూతురికి గడ్డతోపాటు సగం కాలేయం తీయాల్సింది పోయి, గడ్డ మళ్లీ రాకుండా ముప్పాతిక తీస్తానన్నాడు. మిగతాది సారం పెంచుతుందట.

"చింతాకుకి కాలేయం పెరుగుతుందాండీ? నాకు ఒక్కతే పిల్ల."

డిటెక్టివ్ నర్సమ్మతో పరిశోధనశాలకు వెళ్లి సంచి సంగతి చెప్పగానే, అక్కడి పరిశోధకురాలు స్టూలు లాక్కుని రికార్డు ముందేసుకుంది. కోతలన్నీ ఆమె మేనమామే చేశాడు, ముప్పై ఏళ్లుగా అక్కడ ఆయన పని అదే. నీలం చీటీ బోనుకు సారం, తెల్ల చీటీకి నీళ్లు. చీటీలు కోతకు ముందే కట్టామని ఆమె చెప్పింది. తీసిన ముక్కలేవని డిటెక్టివ్ అడిగితే మేనమామ పొడి చేతుల్నే తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆమే లేచి అలమార తెరిచింది. అవే రంగుల చీటీలతో నలభై సీసాలు, పాడవకుండా ఫార్మలిన్‌లో ముక్కలు. రికార్డులో అన్నిటి బరువూ దాదాపు ఒకటే. డిటెక్టివ్ వాటన్నిటినీ నర్సమ్మ చేత మళ్లీ తూయించాడు.

మర్నాడు సర్జన్‌నీ, సంచితో సహా వ్యాపారినీ అదే గదికి పిలిపించాడు.

"తెల్ల చీటీ ముక్కలు రికార్డుతో సరిపోయాయి. నీలం చీటీవి అందులో సగమే. వాటికి కోసిందే తక్కువ. చివర ఎంతుందో తూచారు గానీ, మొదట ఎంత మిగిలిందో ఎవరూ చూడలేదు."

"నిలవ సరుకునే లాభంగా చూపించారన్నమాట," అన్నాడు వ్యాపారి మెల్లగా.

అందరూ పరిశోధకురాలి వైపు తిరిగారు.

"ఈమె అయితే అలమార తెరిచేది కాదు. కత్తి పట్టింది ఒక్కరే. తడి లేని చేతులు తుడుచుకున్నదీ ఆయనే," అన్నాడు డిటెక్టివ్.

"మామయ్యా?" ఆమె ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మూడేళ్లు తిండీ నిద్రా మానేశావు తల్లీ. ఈసారీ ఫలితం రాకపోతే పరిశోధనశాల మూసేస్తామన్నారు. ఎలుకలేగా అనుకున్నాను." వ్యాపారి వైపు చూడలేకపోయాడు. "వెనకాల ఒక పిల్ల ఉందని తెలీదు."

"ఓడిపోతే ఓడిపోయేదాన్నిగా."

సగం మించి కోయనని, సారం ఇవ్వనని సర్జన్ అక్కడే రాసిచ్చాడు.

మెట్లు దిగుతూ వ్యాపారి అడిగాడు, ఇక తన పిల్లకు ఏ ఆసరా లేనట్టేనా అని. నర్సమ్మ, రికార్డు చూసి రాసుకున్న నోటుబుక్కు తెరిచి తెల్ల చీటీ ఎలుకల పేజీ చూపించింది. నిజంగా మూడింట రెండు వంతులు పోయినవి అవే. ఉత్త నీళ్లు తాగి, పదో రోజుకల్లా కాలేయాన్ని దాదాపు మునుపటంత పెంచుకున్నాయి. "మనిషి కాలేయమూ అంతే, తనంతట తానే పెరుగుతుంది," అంది.

వ్యాపారి ఆ పేజీ రెండుసార్లు చదివి, సంచి భుజానికెత్తుకున్నాడు. పోయింది ఒక మందు. చేతికి దక్కింది, కత్తికి పోకుండా మిగిలిన, పిల్ల కాలేయంలో పావు వంతు.