అగరువత్తి ఆరకముందు

గల్ఫులో, దుఖాన్ అనే ఊళ్ళో, సుసన్న ఆంటీ వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే చిన్న పార్కింగు, దాని వెనక ఒకే రంగు గోడల క్వార్టర్లు, ఆ వెనక ఎడారి కనిపిస్తాయి. ఆ శుక్రవారం పొద్దున్నే గాలి లేచింది. ముందు ఎడారి పోయింది, తర్వాత క్వార్టర్లు పోయాయి, మధ్యాహ్నానికి ఎదురుగా ఉన్న కారు కూడా కనపడలేదు. ఆంటీ పట్టపగలే లైట్లు వేసి, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. అయినా నోట్లో సన్నటి ఇసుక కరకరమంటూనే ఉంది.

మా బాపు ఇవేవీ పట్టించుకోకుండా ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. బాపు పేరు రాజేశం. ఒకప్పుడు ఈ కాలనీ పిల్లల స్కూలు బస్సు నడిపేవాడు, ఇప్పుడు ఇండస్ట్రియల్ ఏరియాలో కూలీల బస్సు నడుపుతున్నాడు. అతనుండే క్యాంపులోకి ఆడపిల్లల్ని రానివ్వరు. అందుకని, పాత పరిచయంతో ఆంటీని అడిగి, నన్ను ఈ ఇంట్లో దింపాడు. ఆంటీది కాకినాడ దగ్గర ఊరు. ముక్కూ మొహం తెలియని నాకు తన కూతురి గది ఇచ్చింది.

నేను చదివేది వియత్నాంలో, కాన్ థో అనే ఊళ్ళో, డాక్టరు చదువు. మా ఊరివాళ్ళకి మాత్రం అది కూడా దుబాయే. వాళ్ళ కొత్త సంవత్సరం, టెట్ పండక్కి కాలేజీకి సెలవులిచ్చారు, హైదరాబాదు వెళ్ళేముందు బాపు కోసం చుట్టు తిరిగి ఇక్కడికి వచ్చాను. నేను ఇంటర్లో ఉండగా చూశాడు నన్ను, మళ్ళీ ఇప్పుడే.

"ఇంత పల్సగైనవేందే బిడ్డా? ఆడ తిండి పెడ్తలేరా?" విమానాశ్రయంలో బాపు మొదటి మాట అదే.

ఏం చెప్పను? తింటూనే ఉన్నాను. మూడు పూటలా తింటున్నాను.

కాన్ థోలో నా రోజులన్నీ ఒక్కలాగే ఉండేవి. పొద్దున్నే ఇరుకు సందులోంచి బైకుల మధ్య నడిచి ఆసుపత్రికి వెళ్ళడం, వచ్చీరాని వియత్నామీలో రోగుల్ని ఎక్కడ నొప్పి అని అడగడం, నా పలుకు విని వాళ్ళు నొప్పి మరిచిపోయి నవ్వడం. మధ్యాహ్నం ఊరంతా నిద్రపోయేది. నదిలో పడవల మోటారు చప్పుడు ఒక్కటే వినపడేది. సాయంత్రం తెలుగు మెస్సులో చారన్నం. తర్వాత బాపు ఫోను.

అక్కడివాళ్ళకి ఒక నెలుంది, ఆకలి దెయ్యాల నెల. నాకది తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం ఆకలితో నకనకలాడుతూ వచ్చేసరికి నేను అద్దెకుండే ఇంటి ముందు బల్ల వేసి ఉంది. చెరకు ముక్కలు, పేలాలు, చిన్న గిన్నెల్లో గంజి, అగరువత్తులు. ఎవరూ లేరు. తెలుగువాళ్ళం కదా, ఊదుబత్తి పక్కన తినేది కనిపిస్తే ఇంకేం ఆలోచిస్తాం? ప్రసాదమనుకున్నాను. రెండు చేతులతో తీసుకుని, కళ్ళకద్దుకుని, అక్కడే నిలబడి తిన్నాను. పేలాలు తీయగా ఉన్నాయి. అదే ఆఖరి తీపి.

ఇంటావిడ, హాన్ అత్త, లోపల్నుంచి వచ్చి నన్ను చూసి కెవ్వుమంది. అగరువత్తులు సగం కూడా కాలలేదు. ఫోనులో అనువాదం పెట్టుకుని చెప్పింది. అది దిక్కులేకుండా చచ్చినవాళ్ళకి పెట్టిన తిండి. అగరువత్తి ఆరేదాకా వాళ్ళు తింటారు, ఆరాక బతికున్నవాళ్ళు తీసుకోవచ్చు. నేను వాళ్ళ పంక్తిలో కూర్చున్నానట.

నవ్వుకున్నాను. ఆ రాత్రి చారులో పులుపు లేదు.

మర్నాడు ఉప్పు లేదు. తర్వాత కారం, తర్వాత వాసన... మెస్సులో అందరూ లొట్టలేస్తున్నారు. నేను మాత్రం తడిపిన కాగితం నములుతున్నాను. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు, నాలుకలో ఏ లోపమూ లేదన్నారు. నాకు తెలుసు లేదని. వేడి అన్నం నా ముందు పెట్టగానే ఆవిరి ఆగిపోయేది. ఎవరో పక్కనే కూర్చుని, తీరిగ్గా నములుతున్న చప్పుడు... నేను ముద్ద ఎత్తేలోపు అందులో ఉన్నదంతా అయిపోయేది.

మొదట్లో భయపడ్డాను, ఏడ్చాను. తర్వాత అదీ పోయింది. అలవాటైపోయింది. నాలుక మొద్దుబారినట్టే మనసూ మొద్దుబారింది.

వాళ్ళని పంపెయ్యడానికి హాన్ అత్త వీధిలో గంజి పోసింది, బియ్యం, ఉప్పు చల్లింది. ఏదీ పని చెయ్యలేదు. చివరికి ఒక్కటే చెప్పింది, "ఎవరితోనూ ఒకే కంచంలో తినకు. నీకున్నది వాళ్ళకి అంటుతుంది."

మొద్దుబారిన నాలో మిగిలిన భయం ఇదొక్కటే. బాపుకి అంటకూడదు.

బాపు పొద్దుట్నుంచీ వండుతున్నది బగారన్నం, మటన్ కూర. ఆంటీ గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకుని చూసింది.

"అబ్బ! ఉప్పూ కారం సరిగ్గా సరిపోయాయండీ రాజేశం గారూ. నాకీ చెయ్యి రాదు."

బాపు మురిసిపోయాడు. క్యాంపులో నేర్చిన అలవాటుతో పెద్ద పళ్ళెం ఒకటి తెచ్చి నేల మీద పెట్టాడు. బగారన్నం అంతా అందులోనే గుమ్మరించి, మధ్యలో కూర పోశాడు.

"రా బిడ్డా. మా రూంల అందరం గిట్లనే తింటం. ఒక్క తట్టల తింటెనే కడుపు నిండుతది."

"నాకు వేరే కంచం కావాలి బాపూ."

"ఎందుకే? నా చెయ్యి మంచిగ లేదా?"

"వేరే కంచం పెట్టు." నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

బాపు ముఖం వాడిపోయింది. లేచి నాకు వేరే కంచంలో వడ్డించాడు. తండ్రిని అలా నొప్పించినందుకు నాకు బాధ కలగాలి. కలగలేదు. గండం గడిచిందనుకున్నాను, అంతే. ఇంకా అనుమానం తీరక అతనికి ఎదురుగా, గోడ దగ్గరికి జరిగి కూర్చున్నాను.

ఆంటీ తన కంచం పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. బయట గాలి తలుపుని తోస్తోంది. లైటు ఒకసారి మినుక్కుమంది.

బాపు మొదటి ముద్ద పెట్టుకున్నాడు.

నా నాలుక మీద ఉప్పు తగిలింది.

ఉప్పు... తర్వాత కారం. నేతి కమ్మదనం, లవంగం ఘాటు, మెత్తగా ఉడికిన మాంసం. ఆరు నెలల తర్వాత... నోరంతా ఊరింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఇంత సంతోషం నాలో ఇంకా మిగిలుందని నాకే తెలియదు.

"ఏందే, కారమైందా?"

"లేదు బాపూ. మస్తుంది."

బాపు నా కంచం వైపు చూశాడు. నేనూ చూశాను. అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. నా చెయ్యి ఒళ్ళోనే ఉంది, పొడిగా.

బాపు రెండో ముద్ద పెట్టుకుని మెల్లగా నమిలాడు. నాకు మసాలా ఇంకా బాగా తెలిసింది. బాపు నమలడం ఆపాడు.

"సప్పగున్నదేంది?" అన్నాడు తనలో తను.

"అదేంటండీ, అద్భుతంగా ఉంటే!" అంది ఆంటీ, తన కంచంలోంచి ఇంకో ముద్ద తింటూ.

బాపు ఉప్పు డబ్బా అందుకుని చల్లుకున్నాడు. కలుపుకుని తిన్నాడు. ఆ ఉప్పు కూడా నాకే వచ్చింది. అతని ముఖంలో ఏమీ లేదు, గోడ చూస్తున్నట్టు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. నా అద్దంలో రోజూ చూసిందే.

లేవాలి. ఆ పళ్ళెం లాగి అవతల పారెయ్యాలి. ఈ ఇంట్లోంచి, ఈ దేశంలోంచి, బాపుకి దూరంగా పోవాలి. అన్నీ తెలుస్తున్నాయి.

కానీ ఆకలిగా ఉంది... ఇంత ఆకలి ఒక్క మనిషిది కాదు, ఆ పంక్తి మొత్తానిది.

బాపు చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"ఆపినవేంది బాపూ?" అన్నాను. నా గొంతే అది. ఎంతో ప్రేమగా ఉంది. "తిను. ఇంకింత తిను."