కౌరి నింపని గడి

ఐస్‌లాండ్ పడమటి తీరంలో, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నల్లరాతి మొన దగ్గర నారింజరంగు కర్రగది ఒకటుంది. తుపానులో చిక్కుకున్నవాళ్ల కోసం కట్టారు. బల్ల మీద ఒక పుస్తకం. మొన మీదికి బయల్దేరేవాళ్లు పేరు, వేళ, ఎందరు వెళ్తున్నారో రాయాలి. తిరిగొచ్చాక పక్క గడి నింపాలి. ఎవరి గడి వాళ్లే నింపాలి. ఈ ఒక్క విషయంలో ఆ తీరంవాళ్లు హాస్యమాడరు.

పోయిన జనవరిలో స్టెయినున్ వాళ్ల అన్నయ్య కౌరి మొన మీదికి ఒక్కడే వెళ్లాడు. ఫోటోకు పనికొచ్చే చోట్ల మీద పుస్తకం రాస్తున్నాడు. ముప్ఫై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది, సముద్రంలో నిలబడ్డ రాతిస్తంభం. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు.

ఆ మిగిలిన బొమ్మ తీయడానికి ఇప్పుడు చెల్లెలు స్టెయినున్ వచ్చింది. గదిని కనిపెట్టుకుని ఉండే ముసలి గుడ్యోన్, తోడొచ్చి ఎండుచేపకు వెన్న రాసుకుంటున్నాడు.

"తొందరగా కానీ అమ్మాయ్. నా మోకాళ్లు నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దవి."

"నిన్నెవరు రమ్మన్నారు? జీపులో గురక పెట్టుకోవచ్చుగా."

"నువ్వూ తిరిగి రాకపోతే మీ అమ్మకు చెప్పడానికి నాకు నోరెక్కడిది?"

అతను జీపు తాళాలు గోడ మేకుకు తగిలించి, దీపం ఆర్పి బయటికెళ్లాడు. కిటికీ వెలుగులో ఆమె రాసింది: ఇద్దరం, ఒంటిగంట. తర్వాత పాత పేజీ తిప్పింది. కౌరి పేరు పక్కన ఖాళీ గడి. ఏడాదిగా అమ్మ వాకిట్లో దీపం ఆర్పనివ్వడం లేదు. ఇక చాలనిపించింది. ఎడమకు వాలే అన్న రాతలోనే ఆ గడి నింపింది: 2:10.

మొన మీద వెలుగు రాగిరంగులో ఉంది. రెండూ పదికి ఆమె కెమెరా మీట నొక్కింది. ఉన్నట్టుండి గాలి ఆగింది.

ఫోటోలో స్తంభం చక్కగా వచ్చింది. వెనక, మూలన, గది కిటికీ పసుపుపచ్చగా ఉంది.

"దీపం ఆర్పావా?"

"ఒత్తి నలిపి మరీ ఆర్పాను." అతని గొంతు తగ్గింది. "పుస్తకంలో ఏం రాశావు?"

చెప్పింది.

"వాడు రాయాల్సింది నువ్వెందుకు రాశావమ్మా..."

కానీ తాళాలు గదిలోనే ఉన్నాయి. వెళ్లక తప్పదు.

తలుపు తీయగానే కుళ్లిన సముద్రపు నాచు వాసన. దీపం వెలుగుతోంది. ఎవరూ లేరు. గడప నుంచి బల్లదాకా తడి అడుగులు. ఉత్తకాళ్లవి. వెనక్కి వెళ్లిన గుర్తులు లేవు...

పుస్తకం ఇవాళ్టి పేజీ దగ్గర తెరిచి ఉంది. వాళ్ల వరుస. వెళ్లింది ఇద్దరు. పక్క గడి అప్పుడే నిండింది. 3:05. ఎడమకు వాలిన రాత. సిరా ఆరలేదు.

తిరిగొచ్చింది ముగ్గురు.

స్టెయినున్ గడియారం చూసుకుంది. మూడూ అయిదు.

"గుడ్యోన్... తాళాలు?"

అతను మేకు వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది.

బయట జీపు ఇంజను మోగింది. వాళ్లిద్దరూ కదల్లేదు. జీపూ కదల్లేదు. ఇంటికి వెళ్లడానికి వాళ్ల కోసం ఆగి ఉంది.