పళ్లు రాలే దువ్వెన

ఆరో అంతస్తులో లిఫ్ట్ ఎక్కినప్పుడు టెక్నీషియన్ ప్రాణాలతోనే ఉన్నాడు. గ్రౌండ్ ఫ్లోర్‌లో తలుపులు తెరుచుకునేసరికి మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్కతో గోడకి చేరగిలబడి ఉన్నాడు. చేతిలో ఉండాల్సిన అల్యూమినియం డబ్బా లేదు.

"డబ్బాలో ఏముంది సార్?" అడిగాడు కొంగ.

అతని అసలు పేరు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికే తెలుసు. గంటలకొద్దీ కదలకుండా కాపు కాస్తాడని ఆ పేరు పెట్టారు. నిజానికి అతనికి ఓపిక పిసరంత కూడా లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"లేజర్ చిప్. బియ్యపుగింజంత ఉంటుంది," అన్నాడు చీఫ్. "మామూలు లేజర్ ఒకే రంగు వెలుగిస్తుంది. ఇది ఒకేసారి నాలుగొందల రంగులిస్తుంది. పక్కపక్కనే, సమానమైన ఎడంతో, దువ్వెన పళ్లలాగా. ఫ్రీక్వెన్సీ కోంబ్ అంటారు. గాలిలో విషవాయువు ఉంటే రెప్పపాటులో పట్టేస్తుంది. దీని గుట్టు తెలిస్తే, మనకి దొరక్కుండా ఏ విషం వదలాలో కూడా అవతలివాళ్లకి తెలిసిపోతుంది."

"చిప్ వాళ్ల చేతికి చిక్కిందిగా?"

"చిప్ చిక్కింది. ఏ కరెంట్ దగ్గర, ఏ టెంపరేచర్ దగ్గర ఆ పళ్లు కుదురుగా లాక్ అవుతాయో వాళ్లకి తెలీదు."

"మనకి?"

"మనకీ తెలీదు. ఆ చిప్ తయారుచేసిన ప్రొఫెసర్ ఇంకా కుస్తీ పడుతోంది. పోయినవాడు ఆవిడ సొంత తమ్ముడు. రేపట్నుంచి నువ్వు ఆవిడ ల్యాబ్‌లో ఏసీ మెకానిక్‌వి. చిప్ కొట్టేసిన ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది, నెమలి. పరికరాల కంపెనీ సర్వీస్ ఇంజనీర్‌గా ల్యాబ్‌కి వచ్చిపోతుంటుంది."

ల్యాబ్‌కి కిటికీల్లేవు. మొదటి రోజే నెమలి కనిపించింది. నీలం కోటు, నడిచొచ్చిన దారంతా సెంటు వాసన.

"ఫిల్టర్ మార్చారా?"

"మారిస్తే చాలదు, కడగాలి."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "వాళ్లు ప్రొఫెసర్ నోట్‌బుక్ కోసం వస్తారు. దాని మీంచి కళ్లు తిప్పకండి."

పదకొండు రోజులు కొంగ నిచ్చెన మీద నిలబడి ఒక నోట్‌బుక్‌ని చూశాడు. దానికోసం ఈగ కూడా రాలేదు. ఏసీ డక్ట్‌లోని దుమ్ము మాత్రం ముక్కులోకి, మెడలోకి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలోకి చేరింది. దొంగ పరికరాల్ని పసిగట్టడానికి టెంపరేచర్ గన్‌లా కనిపించే బగ్ డిటెక్టర్ ఇచ్చారు. అది ల్యాబ్‌లో ప్రతి పరికరాన్నీ చూసి కూసింది. చివరికి దాని బ్యాటరీ పీకేశాడు.

ప్రొఫెసర్ బాధ ఇంకోరకం. తమ్ముడు పోయిన నాలుగో రోజే అదే రకం ఇంకో చిప్ బిగించుకుని కూర్చుంది. కరెంట్ ఒక పిసరు పెంచడం, టెంపరేచర్ ఒక పిసరు తగ్గించడం, తెర చూసి తల పట్టుకోవడం.

"చూడు నాయనా," అంది ఒకరోజు, మాట్లాడటానికి ఇంకెవరూ లేక. "లాక్ అయితే ఇక్కడ సూదిలా ఒక్క గీత లేవాలి. ఇదేమో చింపిరి జుట్టులా ఉంది. మూడు నెలల్నుంచీ ఇదే వరస. వెలుగు ఎక్కడో తగిలి వెనక్కొచ్చి లేజర్ నోట్లోనే పడుతోంది. వెయ్యో వంతు వెనక్కొచ్చినా చాలు, పళ్లన్నీ రాలిపోతాయి. ఎక్కడ తగులుతోందో తెలిసి చావట్లేదు! వాడుంటే ఈపాటికి పట్టేసేవాడు."

కొంగ నిచ్చెన మీంచి వంగి చూశాడు. "ఏసీ తగ్గించనా అమ్మా?" అన్నాడు.

"నీ ఏసీ తగలెయ్య," అందావిడ, కళ్లు తుడుచుకుంటూ.

పన్నెండో రోజు పదకొండింటికి ఆఫీసర్లకి డెమో. పదింటికి నెమలి వచ్చింది. "ఫైబర్ కనెక్టర్ ఒకసారి తుడిచేస్తాను మేడమ్," అని టేబుల్ కింద రెండు నిమిషాలు వంగి లేచింది. వెళ్లిపోకుండా, వాచీ చూసుకుంటూ తలుపు దగ్గరే పనిముట్లు సర్దుకోసాగింది.

పది ఇరవైకి తెర మీద చింపిరి జుట్టు మాయమైంది. ఒక్క గీత లేచి నిలబడింది. కదల్లేదు.

"లాకైందిరా!" ప్రొఫెసర్ కేక పెట్టింది. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి చెప్పింది ఆ మాట.

కొంగ నిచ్చెన దిగి వచ్చాడు. "ఏం మార్చారమ్మా?"

"ఏమీ మార్చలేదు! నిన్నటి కరెంటే, నిన్నటి టెంపరేచరే!"

ఏమీ మార్చకుండా ఎందుకు కుదిరింది? మారిందల్లా టేబుల్ కింద తుడిచిన ఆ కనెక్టర్. కొంగ మోకాళ్ల మీద కూలబడి చూశాడు. లేజర్ ఫైబర్‌కి వెంట్రుకంత తీగ ఇంకొకటి అతికించి ఉంది. అది టేబుల్ అడుగున బిగించిన ఉక్కు డబ్బాలోకి వెళ్లింది. లేజర్‌కి కరెంట్ ఇచ్చే పెట్టె నుంచి ఇంకో తీగ. డబ్బా నుంచి ఒక కేబుల్ గోడలోని ఫోన్ లైన్‌లోకి. డబ్బా మీద చిన్న అంకెలు. తొంభై ఒక్క శాతం. తొంభై రెండు.

సెట్టింగులు బయటికి పోతున్నాయి.

చెయ్యి దూర్చాడు. మోచేతి దగ్గర ఇరుక్కుంది. వేళ్లు డబ్బాకి జానెడు దూరంలో ఆగిపోయాయి. పన్నెండు రోజుల కోపమంతా పళ్ల మధ్య నలిగింది. తొంభై ఆరు.

గోడ మీద మెయిన్ స్విచ్. ఎర్ర హ్యాండిల్. దాన్ని లాగితే లేజర్ కూడా పోతుంది.

"వద్దు!" ప్రొఫెసర్ అడ్డం పరిగెత్తింది. "మూడు నెలలు! పదకొండింటికి వాళ్లొస్తున్నారు! నీకు పిచ్చా?"

"క్షమించండమ్మా," అంటూనే లాగేశాడు.

చీకటి. ఆ చీకట్లోనే అతని చెంప ఛెళ్లుమంది. ప్రొఫెసర్ చెయ్యి. వెంటనే ఇంకో గొంతు, పట్టలేని కోపంతో:

"రెండు శాతం! ఇంకో రెండు శాతమేగా, దరిద్రుడా!"

పిస్టల్ సేఫ్టీ తీసిన చప్పుడు.

ఆ గదిలో కళ్లు మూసుకుని తిరగగలిగేది ఒక్క ప్రొఫెసరే. టేబుల్ మీద అద్దాలు బిగించే ఉక్కు కడ్డీ ఎక్కడుంటుందో ఆవిడ చేతికి తెలుసు. సెంటు వాసన ఎటునుంచి వస్తోందో ముక్కుకి తెలుసు. దెబ్బ పడింది. పిస్టల్ నేల మీద జారింది. కొంగ నెమలి చేతులు విరిచి పట్టుకున్నాడు.

"లిఫ్ట్‌లో మా వాడి దగ్గరికి నువ్వే వెళ్లావా?" అడిగింది ప్రొఫెసర్. "డబ్బా ఇమ్మంటే ఇవ్వలేదు," అంది నెమలి.

ఆ చివరి రెండు శాతం అందితే గానీ అవతలివాళ్లకి ఆ ఫైలు తెరుచుకోదని డిపార్ట్‌మెంట్ నిపుణులు తేల్చారు. దొంగ తీగ పీకేశాక, సాయంత్రం నాలుగింటికి, ఓపిగ్గా కూర్చున్న ఆఫీసర్ల ముందు, గీత మొదటి ప్రయత్నంలోనే నిలబడింది. ప్రొఫెసర్ కొంగని పక్కకి పిలిచింది. "చెంపదెబ్బకి సారీ చెప్పను. ఇంకోసారి నా మెయిన్ ముట్టుకుంటే రెండోది కూడా పడుతుంది," అంది. అని, అతని చెయ్యి చాలాసేపు వదల్లేదు.

ఇంటరాగేషన్ గదిలో నెమలి పెదవి విప్పింది.

"మూడు నెలలు చెత్త పంపిస్తున్నానని మా వాళ్లు తిట్టని తిట్టు లేదు. ఆ వెలుగుని వెనక్కి కొడుతున్నది నా తీగేనని నిన్న రాత్రికి గానీ నాకు బుర్రకెక్కలేదు. పొద్దున దాని కొస ఏటవాలుగా కోశాను, అంతే, సరిపోయింది." ఉండబట్టలేక అడిగింది. "ఇంతకీ... మళ్లీ లాకైందా?"

కొంగ ఫైలు మూసి లేచాడు.

"సారీ మేడమ్. అది తెలుసుకునే క్లియరెన్స్ మీకు లేదు."