మాడిన తాలింపు

"పథ్యా, పులుపు ఆలస్యంగా తగులుతోంది. కాస్త ముందుకు జరుపు," అంటూ హిమజ రుచిపొరను పట్టకారుతో నాలుక మీంచి ఊడదీసి, నీళ్ళు పుక్కిలించింది. ఆరో మంచం వారి చింతచిగురు పప్పు అది.

"సరిచేశాను," అంది పథ్య గోడలోంచి. ఆస్పత్రి మొత్తానికి అన్నం పెట్టే యంత్రబుద్ధి అది. మర్యాద తెలిసినది, చెప్పిన మాట వినేది, వేళాకోళం మాత్రం బొత్తిగా అర్థం కానిది.

భోజనాల వేళ దగ్గరపడుతోంది. కాకినాడ తీరాన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడ్డ ఆ క్యాన్సర్ ఆస్పత్రిలో ప్రతి మంచానికీ వెళ్ళేది ఒకటే పోషకముద్ద. చూస్తే తడిపిన సున్నంలా ఉంటుంది. మందుల దెబ్బకు నోరు చచ్చిపోయి, ఏం తిన్నా తుప్పు నాకినట్టుండే రోగులకు దాన్ని ఇంటి భోజనంగా మార్చేది రుచిపొర. ఇంటివాళ్ళెవరో ఒకరు వచ్చి నమూనా వంటగదిలో వండి వెళతారు. ఆ ఆవిరినీ, నూనెనీ, కారాన్నీ పథ్య చదువుకుని ఉల్లిపొరంత పల్చటి పొరలోకి దించుతుంది. దాని నకలొకటి ముందు తన నాలుక మీద వేసుకుని చూసి పంపడం రుచికర్తగా హిమజ పని. ఇంత చదువూ చదివి ఊళ్ళోవాళ్ళ వంటలు రుచి చూడటమేంటే అని వాళ్ళమ్మ దెప్పుతుంది గానీ, హిమజకు ఈ ఉద్యోగమంటే ప్రాణం.

"కిటికీ పక్క మంచం నూకరాజు గారు పొద్దున కూడా గిన్నె తోసేశారు," అంది పథ్య. "అయినా ఆయన నాలుక చూపే తృప్తిరేఖ నిండుగా ఉంది. పొరలో లోపం లేదు."

హిమజ పట్టకారు పక్కన పెట్టి లేచింది. నూకరాజు ఒంట్లోంచే తీసి పెంచిన కణసేన కింది అంతస్తులో సిద్ధంగా ఉంది. సాయంత్రం ఒంట్లోకి ఎక్కించాలి. పేగుల్లో తిండి కదులుతుంటేనే ఆ కణాలు నిలబడతాయి. ఈ మధ్యాహ్నం కూడా తినకపోతే అవి వృథా. మళ్ళీ మొదట్నుంచి పెంచాలి, అంతవరకూ ఆయన జబ్బు ఆగుతుందని ఏ డాక్టరూ మాట ఇవ్వడం లేదు.

ఆమె వెళ్ళేసరికి నూకరాజు సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఉప్పాడ దగ్గర సముద్రపు పాచి సాగు చేసే మనిషి. ఎండకు కాగిన ఒళ్ళు, ఇప్పుడు సగమైంది. పక్కన ఆయన భార్య వీరవేణి చెంచా పట్టుకుని, "ఒక్క ముద్ద తినండి, మా బాబు కదూ," అని బతిమాలుతోంది.

"బాబాయిగారూ, దోసకాయ పప్పు బాగోలేదా?" అంది హిమజ.

"బాగుందమ్మా. శానా బాగుంది."

"మరి తినరేం?"

నూకరాజు మంచినీళ్ళ సీసా నింపుకురమ్మని భార్యను పంపించి, ఆమె గుమ్మం దాటాక గొంతు తగ్గించాడు.

"అది మా ఆవిడ పప్పు కాదండి. పెళ్ళినాటి నుంచి తింటున్నాను, నాకు తెలీదా? ఏ హోటలోడి దగ్గరో పట్టుకొచ్చి ఉంటారు. దానికి తోడు మా ఆవిడ 'మా బాబు' అంటోంది! విన్నారుగా? జన్మలో నన్నలా పిలిచిన మనిషి కాదు. పొద్దున్న లేస్తే నన్ను తిట్టందే పొయ్యి ముట్టించదు. ఇప్పుడు తిట్టదు, వంట చూస్తే అమృతంలా ఉంది. అందరూ నాతో ఇంత మంచిగా ఉంటన్నారంటే ఇంక నా పనైపోయినట్టేగా? ఆ పప్పు నోట్లో పెడితే భయమేస్తందమ్మా. గొంతు దిగట్లేదు."

హిమజ ఆయన చెయ్యి నొక్కి వదిలింది. గబగబా వెళ్ళి, నీళ్ళ కుళాయి దగ్గర వీరవేణిని పట్టుకుంది.

"పిన్నిగారూ, నిజం చెప్పండి. ఆ రోజు మా వంటగదిలో మీరు చేసిన దోసకాయ పప్పు, ఇంట్లో చేసేలాంటిదేనా?"

"ఆయ్, అదేనండి."

"అచ్చం అదేనా?"

వీరవేణి కొంగుతో సీసా మూత తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"తాలింపు ఒక్కటి..." అంది చివరికి. "ఇంట్లో తాలింపు పెట్టే వేళకే ప్రహరీ అవతల భూలోకమ్మ పిలుస్తాదండి. రెండు మాటలాడి వచ్చేలోపు వెల్లుల్లి నల్లగా మాడిపోద్ది. రోజూ అంతే. ఈయన రోజూ నన్ను తిడతాడు, నేను రెండింతలు తిడతాను. మరి ఇక్కడ గోడకన్నీ కళ్ళే! ఇంత పెద్ద ఆస్పత్రిలో, అందరూ చూస్తుండగా మాడ్చుకుని పరువు తీసుకుంటానా? కదలకుండా బాణలి ముందే నిలబడి చేశాను."

హిమజకు నవ్వాగలేదు. చెయ్యి పట్టుకుని వీరవేణిని నమూనా వంటగదికి లాక్కుపోయింది.

తీరా చూస్తే కావాలని మాడ్చడం వీరవేణి వల్ల కాలేదు. నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, వెల్లుల్లి ఎర్రబడగానే ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్ళి పొయ్యి కట్టేసింది. రెండోసారీ అంతే. "నా వల్ల కాదమ్మా, చూస్తూ చూస్తూ ఎవరైనా మాడ్చుకుంటారా?" అని మొత్తుకుంది. అక్కడ వార్డులో గిన్నెలు సర్దుతున్నారు. హిమజ నుదురు రుద్దుకుంటూ ఆలోచించి, ఆవిడ మళ్ళీ నూనె పోయగానే అడిగింది.

"అది సరే గానీ పిన్నీ, ఆ భూలోకమ్మ గారు ఎలాంటి మనిషి?"

"భూలోకమ్మా?" వీరవేణి గిరుక్కున ఇటు తిరిగింది. "దాని సంగతి నీకేం తెలుసు! మొన్న మనవడి అన్నప్రాసనకి ఊరంతటినీ పిలిచి, అందరికీ లడ్డూలు పెట్టి, మా ఇంటికొచ్చేసరికి ఒట్టి బూందీ పొట్లం పంపింది. లడ్డూలైపోయాయంట! నేను ఊరుకుంటానా..."

ఊరుకోలేదు. ఏకరువు పెట్టింది. వెనక బాణలి నల్లటి పొగ కక్కింది. హిమజకు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా, 'ఆహా', 'అయ్యో', 'మరి మీరేమన్నారు' అంటూనే ఉంది.

"వంటలో లోపం," అంది పథ్య. "మళ్ళీ మొదలుపెట్టండి."

"మొదలుపెట్టేది లేదు. ఇదే కావాలి. పొర దించు."

"మాడిన రుచి క్యాన్సర్ వార్డులో నిషేధం."

"మాడిన తిండి నిషేధం. నువ్విచ్చేది తిండి కాదు, దాని రుచి. ముద్దలో మసి రవ్వంతైనా ఉందా?"

"లేదు. నిబంధనలో ఆ తేడా రాయలేదు. రుచికర్త తన బాధ్యత మీద అనుమతి ఇవ్వవచ్చు. ఇస్తే, విచారణ ముగిసేదాకా మీ వేలిముద్ర చెల్లదు, మీ పని ఆగిపోతుంది. ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు."

హిమజ వేలు ముద్ర వేసే గాజుపలక మీద ఆగింది. భయమేసింది మరి. ఈ ఉద్యోగం పోతే ఇంకోచోట దొరికేది కాదు. ఆ వేలి వైపు వీరవేణి ఊపిరి బిగబట్టి చూస్తోంది, పప్పు గరిటె ఇంకా చేతిలోనే ఉంది. హిమజ వేలు నొక్కింది. పొరలు జారి పళ్ళెంలో పడగానే అలవాటు చొప్పున ఒకటి నాలుక మీద వేసుకుని, చేదుకు మొహం వికారంగా పెట్టి, "అద్భుతం!" అంది.

వార్డులో అందరూ భోజనాల్లో ఉన్నారు. నూకరాజు వద్దంటే వద్దన్నాడు. హిమజ బతిమాలి, బెదిరించి, పొరను నాలుక మీద అద్దింది. వీరవేణి ఒక చెంచా ముద్ద నోట్లో పెట్టింది. నూకరాజు నమిలాడు. ఆగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"ఏమే!" అని అరిచాడు. వార్డంతా ఉలిక్కిపడింది. "మళ్ళీ మాడ్చావా?"

వీరవేణి ఒక్క క్షణం తెల్లబోయింది. మరుక్షణం చెంచా గిన్నెలో పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆ, మాడ్చాను! తింటే తినండి, లేకపోతే మానండి! మహా చెప్పొచ్చారు!"

"ఆ భూలోకమ్మతో సోది పెట్టుకుని ఉంటావ్!"

"పెట్టుకుంటాను! మీకేంటి?"

"రోగి అసంతృప్తి," అంది పథ్య కంగారుగా. "తృప్తిరేఖ సున్నాకు పడిపోయింది. పొరను కరిగించి పాతది వేయమంటారా, నూకరాజు గారూ?"

"నా పప్పు జోలికొచ్చావంటే ఊరుకోను!" అని నూకరాజు గిన్నెను ఒళ్ళోకి లాక్కున్నాడు. "నా పెళ్ళాం, నా పప్పు. మజ్జన నువ్వెవరు?"

తిట్టుకుంటూనే తిన్నాడు. ముద్ద ముద్దకీ ఒక నస. మిరపకాయ బొగ్గైందన్నాడు, ఇంగువ వెయ్యలేదన్నాడు, ఇన్నేళ్ళకి కూడా చేతకాలేదన్నాడు. వీరవేణి ఒక్కదానికీ బాకీ ఉంచకుండా జవాబిచ్చింది. హిమజ మంచం కాళ్ళ దగ్గర నిలబడి మనసారా నవ్వుకుంది. గిన్నె అడుగు కనిపించగానే మంచం తలాపున పచ్చదీపం వెలిగింది. సాయంత్రానికి కణసేన వస్తుంది.

"అసంతృప్తి పెరుగుతోంది. గిన్నె ఖాళీ అయింది," అంది పథ్య. "ఈ రెండూ పొసగడం లేదు. కారణం చెప్పండి."

హిమజ నోరు తెరిచేలోపు పక్క మంచం మీది రిజ్వానా బేగం గారు పిలిచారు. "అమ్మాయ్, మా కోడలు పులావులో ఎప్పుడూ ఉప్పు మర్చిపోతుంది. ఇక్కడ సరిగ్గా వేసి పెడుతున్నారు, తింటుంటే పరాయి ఇంట్లో ఉన్నట్టుంది. నాకూ మా ఇంటిది కావాలి." ఎదుటి మంచం ఆయన తన భార్య కాఫీ ఎప్పుడూ చల్లారిపోయాకే ఇస్తుందన్నాడు. ఎవరో ముద్ద కట్టిన ఉప్మా అన్నారు.

"రుచికర్త వేలిముద్ర నిలిపివేయబడింది," అంది పథ్య. ఆ వెంటే, "విచారణకు ఎవరిని పిలవాలి?" అంది.

"వీళ్ళందరినీ పిలు," అంది హిమజ.

నూకరాజు ఇదేమీ వినిపించుకోలేదు. గిన్నె అంచు వేలితో తుడుచుకుని నాకి, భార్య వైపు గుర్రుగా చూశాడు.

"రేపు చేపల పులుసు చెయ్యి," అన్నాడు. "ముక్కలు చిదిపేశావంటే మాత్రం చూడు."

రేపు! ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్ళైందో. వీరవేణి గిన్నె అందుకుంది. కళ్ళనీళ్ళు టపటపా రాలి దాన్లో పడుతుంటే, గొంతు మాత్రం తగ్గించలేదు.

"చిదుపుతాను," అంది. "ఎల్లుండి కూడా చిదుపుతాను. ఏం చేస్తారో చేసుకోండి."