నిండా పోసిన కెటిల్

రేంజి మేడం ల్యాబ్‌లో తన కుర్చీలోనే చనిపోయి ఉంది.

తల టేబుల్ మీద వాలిపోయింది. పక్కన సగం తాగిన టీ కప్పు. అందులో నిద్రమాత్రలు కలిశాయని ఫోరెన్సిక్ వాళ్లు తేల్చారు. గోడవారన కరెంటు కెటిల్ ఉంది. ఇన్‌స్పెక్టర్ మూత తెరిచి చూశాడు. దాదాపు నిండుగా నీళ్లున్నాయి.

ఆత్మహత్య అని ల్యాబ్ డైరెక్టర్ తేల్చేశాడు. పోలీసులు రాకముందే తేల్చేశాడు. రిపోర్టులో లెక్క తప్పిందట, తలెత్తుకోలేక ఇలా చేసుకుందట. సాయంత్రం తను ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె ఒక్కతే కూర్చుని ఉందట. ఇదంతా చెబుతూ రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. అక్కడే ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది.

వస్తువుల పర్యావరణ భారం లెక్కగట్టడం ఆ ల్యాబ్ పని. వస్తువు తయారైనప్పటి నుంచి చెత్తకుప్ప చేరేదాకా ఎంత కరెంటు మింగుతుందో, ఎంత పొగకు కారణమవుతుందో వాళ్లు తేల్చాలి. పాత మోడల్ కన్నా మేలని తేలితేనే దాని మీద ఆకుపచ్చ స్టిక్కర్ పడుతుంది. ఈసారి ఒక కొత్త మోడల్ కెటిల్ వంతు.

ఏదడిగినా ఒక్క అంకె చెప్పదని, ఇంత నుంచి ఇంత దాకా అని రేంజే చెబుతుందని ఆఫీసంతా ఆమెను రేంజి మేడం అని ఏడిపించేది. భోజనం ఎప్పుడంటే ఒంటిగంటకీ ఒకటిన్నరకీ మధ్య అనేది పాపం.

ఆమె అక్క స్టేషన్‌కి వచ్చింది. కళ్లలో చుక్క నీరు లేదు.

"మా చెల్లి తప్పే చేయదని నేననను సార్. ఎంత తప్పు ఉండొచ్చో కూడా లెక్కేసి రాస్తుంది. అలాంటిది, తప్పు దొరికిందని చచ్చిపోతుందా? దాని పేరు మీద ఇంకేదో రిపోర్టు బయటికి పోతోందట. అది ఆపించండి."

ఆమె రాసిన అసలు రిపోర్టును పోలీసు టెక్నీషియన్ ఆమె కంప్యూటర్‌లోంచి వెలికితీశాడు. కెటిల్ తయారీలో పోయేది కొంచెమేనట. అసలు భారమంతా రోజూ నీళ్లు కాచడంలోనే ఉందట. కొందరు కప్పుకి సరిపడా పోస్తారు, కొందరు కప్పు టీ కోసం పీకలదాకా పోస్తారు. అందుకే ఆ భారం ఇంత నుంచి ఇంత దాకా అనే చెప్పగలం, కొత్త మోడల్ పాతదానికన్నా మేలని చెప్పలేం అని రాసింది. డైరెక్టర్ బయటికి పంపబోతున్న రిపోర్టులో ఆ పేజీ లేదు. అందరూ కావలసినన్నే పోస్తారని రాసి, ఒక్క అంకె వేశారు. ఆ అంకెతో కొత్త కెటిల్‌కి స్టిక్కర్ ఖాయం.

ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్‌ని పిలిపించాడు.

"ఆ గదిలో కెటిల్ మీరు వాడతారా?"

"లేదు. ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటాను."

"ఎప్పుడైనా ఒకసారి?"

"ముట్టుకోనే లేదు. మా రేంజి మేడంలా నసగడం నాకు రాదు."

మర్నాడు ఇన్‌స్పెక్టర్ ల్యాబ్‌లో అందరినీ కూర్చోబెట్టాడు. అక్కనూ రమ్మన్నాడు. చనిపోయినామె కప్పుతో కొలిచి మరీ కెటిల్‌లో నీళ్లు పోసేదని స్టాఫ్ అంతా చెప్పారు. మరి ఆ రోజు కెటిల్ నిండుగా ఎందుకుందని అడిగాడు.

డైరెక్టర్ నవ్వాడు. "మనుషులు రోజూ ఒకేలా ఉండరని ఆవిడే రాసింది కదా? ఆ రోజు నిండా పోసుకుందేమో."

"పోసుకుని ఉండొచ్చు. అందుకే నీళ్లు చూసి మిమ్మల్ని పట్టుకోలేదు, కెటిల్‌ని ఫోరెన్సిక్‌కి పంపానంతే. పిడి మీద ఎవరి వేలిముద్రా లేదు. రోజూ వాడే ఆవిడది కూడా లేదు. ఎవరో శుభ్రంగా తుడిచారు. కానీ నీళ్లు పోయాలంటే మూత తీయాలి. మూత లోపలి అంచున బొటనవేలి ముద్ర ఉంది. అది మీది."

"ఎప్పుడో ఒకసారి వాడి ఉంటాను."

"ఈ మాట నిన్న అని ఉంటే నా చేతులు కట్టేసినట్టయ్యేది. 'ఏమో' అన్న మాటంటే మీకు పడదు. ఆవిణ్ణి రాయనివ్వలేదు, మీరూ అనలేదు. జనమంతా కొలిచి పోస్తారని రాయించారు. నిద్రమాత్రలు కలిపిన ఒక్క కప్పు టీకి మీరు పోసింది మాత్రం కెటిల్ నిండా."

డైరెక్టర్ చేతిలోని ఫోన్ టేబుల్ మీద పెట్టేశాడు.

"నేనడిగిందేమిటి?" అన్నాడు. "ఒక్క పేజీ తీసేయమన్నాను. బతిమాలాను కూడా. వినలేదు."

అక్క లేచి అతని ముందుకొచ్చింది.

"ఒక్క పేజీ. అంతేనా?"

"అంతే."

ఆమె అక్కడే నేల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

ఇన్‌స్పెక్టర్ బేడీలు తనే వేశాడు. కావలసినదానికన్నా గట్టిగా బిగించాడు. నొప్పిగా ఉందని డైరెక్టర్ అంటే, విననట్టే బయటికి నడిపించాడు.