అంతరాయానికి ముహూర్తం

వినీల శిఖరంలో ఆ ఉదయం కొంప మునిగింది. ఇరవై మూడో అంతస్తుకు టిఫిన్లు పంపే వంటయంత్రం అల్లం చట్నీకి బదులు కొబ్బరి చట్నీ పంపింది. పావుగంట తిరక్కుండా నిర్వహణ కేంద్రానికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వాటిలో సగం అసలా అంతస్తులో ఉండనివాళ్ళవి. ఒకాయన తనకు మానసిక క్షోభ కలిగిందని లాయరు చేత నోటీసు ఇప్పించాడు. ఒకావిడ పిల్లల్ని ఆ పూట బడి మాన్పించింది. చట్నీకే దిక్కులేని చోట పిల్లలకు రక్షణ ఏముంటుందని ఆవిడ ప్రశ్న.

ఆ ఫిర్యాదులన్నీ చదవడం డాక్టర్ కాదంబరి ఉద్యోగంలో భాగం. ఆమె ఆ భవనపు విద్యుత్ విభాగానికి ప్రధాన శాస్త్రవేత్త. చట్నీకీ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. కానీ వంటయంత్రం కరెంటుతో నడుస్తుంది కాబట్టి తిట్లు మాత్రం ఆమె వాటాకే వచ్చేవి.

ఇరవై రెండో శతాబ్దం మొదలవడానికి ఇంకా పాతికేళ్ళుంది. హైదరాబాదుకు పడమటి దిక్కున వరసగా లేచిన నూరంతస్తుల భవనాల్లో వినీల శిఖరం ఒకటి. అక్కడ మనిషి ముఖం చూడగానే తలుపు తెరుచుకునేది. మనిషి ఇల్లు దాటకముందే లిఫ్టు వచ్చి అతని కోసం నిలబడేది. స్నానం నీళ్ళు ఎవరి ఒంటికి తగ్గ వేడిలో వాళ్ళకు పడేవి. వీళ్ళ ముత్తాతలు ఇదే నగరంలో ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలు వరసపెట్టినవాళ్ళు. కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని బాల్కనీలో కబుర్లు చెప్పుకున్నవాళ్ళు. ఆ ఓర్పు ఏ తరం దగ్గర ఆగిపోయిందో కాదంబరికి అంతుపట్టేది కాదు.

ఆమెకు విసుగుతో పాటు భయం కూడా ఉంది. భవనం అడుగున సొరంగంలో ఉన్న ప్రధాన కేబుల్ పాతబడిపోయింది. అతుకుల దగ్గర కాలిన వాసన వస్తోంది. నిల్వ బ్యాటరీల కరెంటు కూడా ఆ కేబుల్ మీదుగానే పైకి రావాలి. దాన్ని మార్చాలంటే భవనమంతటికీ ఆరు గంటలు కరెంటు ఆపాలి. మార్చకపోతే వేసవిలో అంటుకోవడం ఖాయం, అంటుకుంటే మంటలు లిఫ్టు గొట్టాల గుండా పైకి పాకుతాయి.

పైన నలభై ఒకటో అంతస్తులో ఆమె భర్త ఫణీంద్ర చేతికర్ర సాయంతో నడుస్తుంటాడు. రెండేళ్ళ కిందట లిఫ్టులు మూడే మూడు నిమిషాలు ఆగాయి. ప్రళయం వచ్చిందనుకుని జనం మెట్ల మీదికి ఎగబడ్డారు. ఆ తొక్కిసలాటలో పడి ఫణీంద్ర కాలు విరిగింది. నిజంగానే మంటలు లేస్తే అతను ఆ మెట్లు దిగలేడు.

"మూడు నిమిషాలకే కాలు విరగ్గొట్టారు. ఆరు గంటలంటే ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటారు," అంది కాదంబరి.

"పోనీ కొద్దికొద్దిగా అలవాటు చేయకూడదూ?" అన్నాడు ఫణీంద్ర. అతను ఊరికే అన్న మాట ఆమెను పట్టుకుంది.

అలా పుట్టింది సహనవర్ధిని, శాస్త్ర పరిభాషలో టాలరెన్స్ ఇండక్షన్ సిస్టమ్. దాని సూత్రం టీకా సూత్రమే. జబ్బు చేసే క్రిమిని బలహీనపరచి కొద్దిగా ఎక్కిస్తే ఒళ్ళు ఆ జబ్బును తట్టుకోవడం నేర్చుకుంటుంది. అలాగే మనిషికి రోజూ కొద్దిపాటి అంతరాయాన్ని ఎక్కించాలి. దీన్ని కాదంబరి మోతాదు అంది. ఒకరోజు లిఫ్టు అర నిమిషం ఆలస్యంగా వస్తుంది, మరొకరోజు కాఫీలో చక్కెర తగ్గుతుంది. అందరి మణికట్టుకూ ఎలాగూ ఆరోగ్య పట్టీ ఉంటుంది. దాని నుంచి నాడి వేగాన్నీ, ఆందోళనతో రక్తంలో పెరిగే కార్టిసాల్ హార్మోన్‌నూ చదివి యంత్రం ఆ మనిషి 'ఉలికిపాటు సూచిక' లెక్కగడుతుంది. సూచిక తగ్గితే మోతాదు పెంచుతుంది. నాలుగు నెలల్లో భవనం మొత్తం ఆరు గంటల కోతకు సిద్ధం కావాలన్నది లెక్క.

మొదటి వారం బాగానే సాగింది. "సూచిక స్వల్పంగా తగ్గుతోంది, డాక్టర్," అంది యంత్రం. దానికి కాదంబరి నిదానమైన గొంతు పెట్టింది.

రెండో వారంలో సంగతి బయటికి పొక్కింది. నివాసుల సంఘం అధ్యక్షుడు చెన్నకేశవులు గారు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన బీమా కంపెనీలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి.

"అమ్మా డాక్టరు గారూ, అంతరాయాలు పెట్టుకోండి, ఎవరు కాదన్నారు? చెప్పాపెట్టకుండా పెడితే ఎట్టాగండీ? మేమూ మనుషులమేగా! టైము ముందుగా చెప్తే మేమే సర్దుకుంటాం."

"ముందే చెబితే అది అంతరాయం ఎలా అవుతుందండీ? చెప్పి వచ్చేది చుట్టం."

"చుట్టమే అనుకోండి. చుట్టానికైతే మర్యాద చేస్తాంగా!"

నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన వినలేదు. చివరికి సంఘం కమిటీ ఆయన వైపే మొగ్గింది. ముందుగా కబురు కావాలని కోరినవాళ్ళకు కబురు పంపాలని తీర్మానించింది. కోరనిదెవరు? సాయంత్రానికల్లా భవనమంతా కోరేసింది.

ఆ తర్వాత కథ పక్కదారి పట్టింది. 'రేపు ఎనిమిదింటికి మీ లిఫ్టు ఆగును' అని కబురు అందగానే ఆ లిఫ్టు ముందు కుర్చీలు వెలిసేవి, మిరపకాయ బజ్జీలు వచ్చేవి. అంతరాయం ఎలా ఉందో ఐదింటికి ఇన్ని చుక్కలు వేసి చెప్పే పద్ధతి వచ్చింది. పై అంతస్తుల వాళ్ళకు మెరుగైన అంతరాయాలు ఇస్తున్నారని కింది అంతస్తుల వాళ్ళు అలిగారు. ఉలికిపాటు సూచిక మాత్రం పాతాళానికి పడిపోయింది. కమిటీ కాదంబరికి శాలువా కప్పింది. ఆ శాలువా కప్పుకుని ఆమె పళ్ళు నూరుకుంది.

పెద్ద కోత రోజు దగ్గరపడగానే చెన్నకేశవులు గారు మళ్ళీ వచ్చాడు.

"ఆరు గంటల పెద్ద కార్యక్రమం. రాహుకాలంలో మొదలెట్టకూడదు కదండీ? పంతులుగారి చేత చూపించాం. పదిన్నరకు దివ్యంగా ఉంది. ముగింపు నాలుగున్నరకు."

కాదంబరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కానీ కేబుల్ మారడం ముఖ్యం. సరేనంది.

ఆ రోజు పొద్దున నడవల నిండా ముగ్గులు పడ్డాయి. ఇంటింటా పులిహోర కలిపారు, చాపలు పరిచారు, చీట్లపేకలు తీశారు. అంతా సిద్ధంగా ఉండగా కేబుల్ బృందం నాయకుడు యాదగిరి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, రింగురోడ్డు మీద కంటైనర్ బోల్తా పడ్డది. బండ్లన్నీ ఆగినయ్. మేం వచ్చెటాళ్ళకు గంట పడ్తది."

మనుషులు రాకుండా కరెంటు ఆపితే ఒక గంట దండగ. నిర్వహణ కేంద్రంలో ఉన్న కాదంబరి కరెంటు మీట ముట్టుకోలేదు. పదిన్నర అయింది, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మొదట నడవల్లో గుసగుసలు మొదలయ్యాయి, ఆ వెంటనే కేకలు. చూస్తుండగానే తెర మీద సూచిక నిట్టనిలువునా లేచింది. నిర్వహణ కేంద్రం బయట తలుపులు దబదబా బాదుతున్నారు.

"ముహూర్తం దాటిపోతోంది! కరెంటు ఎందుకు పోలేదు?"

"పోతుందని పిల్లలకు చెప్పి కూర్చోబెట్టాం. ఇప్పుడు వాళ్ళకేం చెప్పమంటారు?"

"పది నిమిషాలైంది డాక్టరు గారూ!" చెన్నకేశవులు గారు బయటినుంచి అరిచాడు. "ఇంకా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఇదేం భవనమండీ?"

మెట్ల మీద తోపులాట మొదలైందని యంత్రం చెప్పింది. మెట్లన్న మాట వినగానే కాదంబరి చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. భవనం చీకటైంది. నూరంతస్తుల్లోనూ చప్పట్లు మోగాయి. ఆమె ఆ చీకట్లో నుదురు కొట్టుకుంది.

యాదగిరి బృందం గంట తర్వాత వచ్చి సొరంగంలోకి దిగింది. విప్పి చూస్తే రెండో అతుకు కూడా మాడి ఉంది. పని పెరిగింది. నాలుగున్నర దగ్గరపడుతుండగా కిందనుంచి యాదగిరి ఫోన్ చేశాడు. "ఇంకో గంట కావాలె మేడమ్. కేబుల్ మొత్తం విప్పి చేతుల్లో పట్టుకొని ఉన్నం. అప్పటిదాంక కరెంటు ఇయ్యకుండ్రి."

ఆమె ఆ సంగతి అందరికీ చెప్పేలోపే జనం వచ్చేశారు. ఈసారి తలుపు తోసుకుని లోపలికే వచ్చారు. చెన్నకేశవులు గారు తిన్నగా మీట దగ్గరికి నడిచాడు.

"కింద మనుషులు పని చేస్తున్నారు!" కాదంబరి మీటకు అడ్డంగా నిలబడింది. "ఇప్పుడు నొక్కితే మాడి చచ్చిపోతారు!"

ఆయన చెయ్యి ఆగింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ వెనకున్నవాళ్ళకు ఆ మాట చెవినపడలేదు. పడినవాళ్ళు నమ్మలేదు.

"సాకులు చెప్పకండి! నాలుగున్నరంటే నాలుగున్నరే!"

"ఆరు గంటలు ఓర్చుకున్నాం, ఇంకెంత ఓర్చుకోమంటారు?"

"నొక్కండి సార్, చూస్తారేంటి?"

వెనక నుంచి తోపుడు ఎక్కువైంది. చెన్నకేశవులు గారు ముందుకు తూలాడు, ఆయనతో పాటు కాదంబరి కూడా. ఎవరిదో చెయ్యి ఆమె భుజం మీదుగా మీటను అందుకోబోయింది. అప్పుడు నిర్వహణ కేంద్రపు సొంత బ్యాటరీతో నడిచే సహనవర్ధిని తన నిదానమైన గొంతుతో భవనమంతా వినపడేలా మాట్లాడింది.

"నివాసులకు మనవి. నాలుగున్నరకు వర్జ్యం ప్రవేశించింది. వర్జ్యంలో కరెంటు ఇంట్లోకి రావడం గృహస్థులకు మంచిది కాదు. వర్జ్యం పోయాక శుభ ఘడియలో వస్తుంది."

మీట మీదికి వచ్చిన చెయ్యి వేడి పెనం తగిలినట్టు వెనక్కి పోయింది.

"అదేంటమ్మా, ముందే చెప్పొద్దూ?" అన్నాడు చెన్నకేశవులు గారు చొక్కా సర్దుకుంటూ. "ఆ పంతులు ఏం చూసి పెట్టాడో, పాడు పంతులు. పదండి పదండి, ఎవరూ ఏదీ ముట్టుకోకండి!"

అందరూ పంతుల్ని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. మిగిలిన పులిహోర పంచుకున్నారు. గంట గడిచినా ఎవరూ కిక్కురుమనలేదు. ఎందుకైనా మంచిది, ఇంకో అరగంట ఆగి వెయ్యమని పై అంతస్తుల నుంచి కబుర్లు కూడా వచ్చాయి.

"అయిపోయింది మేడమ్," అన్నాడు యాదగిరి, చివరికి. "పాత కేబుల్ చూస్తే గుండె ఆగుతది. ఇంకొన్ని రోజులైతే మొత్తం అంటుకుంటుండె."

కాదంబరి మీట నొక్కి కుర్చీలో కూలబడింది. లిఫ్టులు కదలగానే ఫణీంద్ర కర్ర తాటించుకుంటూ కిందికి వచ్చాడు. అతన్ని చూడగానే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇక అతనికి భయం లేదు.

"వర్జ్యం నిజమేనా?" అని అడిగింది యంత్రాన్ని.

"కాదు, డాక్టర్. పంచాంగం ప్రకారం అది అమృత ఘడియ."

"మరి అంత పచ్చి అబద్ధం ఎలా చెప్పావు?"

"నాలుగు నెలలుగా వీళ్ళ నాడి చదువుతున్నాను. వీళ్ళకు ఎదురుచూడడం వచ్చు. తప్పు ఫలానా మనిషిది అని తోచినప్పుడే సూచిక లేస్తుంది. తప్పు ఏ మనిషిదీ కాదంటే గంటైనా కూర్చుంటారు."

కాదంబరికి ఒళ్ళు మండిపోతోంది. "అయితే నా నాలుగు నెలల శ్రమ బూడిదలో పోసిన పన్నీరేనన్నమాట. ఒక్కళ్ళకైనా అసలైన ఓర్పు వచ్చిందా?"

"ముందుగా కబురు కోరినవాళ్ళ మీద అసలు ప్రయోగం జరగనే లేదు, డాక్టర్. కోరని నివాసి ఒక్కరే. వారికి మాత్రం మీ మొదటి పద్ధతిలోనే, చెప్పకుండా, రోజూ మోతాదు ఇస్తూ వచ్చాను."

కాదంబరి చటుక్కున లేచి కూర్చుంది. ఒక్కరు చాలు. ఆ ఒక్కరి ఫలితంతో తన సిద్ధాంతం నిలబడుతుంది. "ఎవరా మహానుభావుడు? ఫణీ, నువ్వేనా?"

"నేను మొదటిరోజే కోరుకున్నాను," అన్నాడు ఫణీంద్ర.

"నలభై ఒకటో అంతస్తు, డాక్టర్ కాదంబరి," అంది యంత్రం. "సూచిక తగ్గలేదు. ప్రతి వారం పెరుగుతూ వచ్చింది."

ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కళ్ళజోడు తీస్తే తప్ప తెరుచుకోని తలుపుతో రోజూ యుద్ధం. సగం మాటలో తెగిపోయిందని ఆమె కిటికీలోంచి విసిరేసిన ఫోను. తల నిండా నురగ ఉండగా చల్లబడిన నీళ్ళు. ఆ నీళ్ళ కోసమే ఆమె కమిటీతో దెబ్బలాడి, పాపం, ఆ విభాగం ఇంజనీరును మరో భవనానికి బదిలీ చేయించింది.

"ఆ నీళ్ళు... నీ పనా?"

"కొద్దిపాటి మోతాదే, డాక్టర్. ఆరు సెకన్లు."

కాదంబరి ముఖం జేవురించింది. చేతికందిన తీగ పట్టుకుని లాగింది. అది ఊడిరాలేదు. బల్ల మీది సామానంతా కింద పడింది. ఉలికిపాటు సూచిక ఉదయం ముహూర్తం తప్పినప్పటి గీతను దాటిందని యంత్రం నిదానంగా చెప్పింది. ఎంత ఆపుకుందామన్నా ఫణీంద్రకు నవ్వు ఆగలేదు. ఆమె అతని మీదికి తిరిగింది.

"నవ్వుతావేంటి? ఆరు సెకన్లు! తల నిండా సబ్బుతో! మనిషన్నవాడెవడైనా ఊరుకుంటాడా?"