మూడు ఓకేలు

కొండలు చేసిన తప్పు ఒక్కటే. చమఖండి చేపల సొసైటీలో ఉన్న పాత కంప్యూటర్‌ని బాగుచేస్తానని పదిమందిలో అన్నాడు. మర్నాడు పట్టపగలు, ఛత్రపురం రోడ్డు మీద, నంబరు లేని లారీ ఒకటి అతన్ని బైకుతో సహా తొక్కేసింది.

"వాడు మెకానిక్ కాడు, మనవాడు" అంది గూఢచారి శాఖ చీఫ్ వాసవీకుమారి.

బరంపురం, గోసాని నువాగాం. పట్టుచీరల దుకాణం వెనకగది. ముందుగదిలో "ఆకుపచ్చ అంచు తెల్లచీర ఉందా?" అని అడిగి, "ఆ రంగు నేయడం మానేశారు" అన్న జవాబు వచ్చాకే ధనరాజు లోపలికి రాగలిగాడు. ఏజెంట్ నంబర్ పదిహేడు. పదేళ్ల సర్వీసు, రెండు బుల్లెట్ గాయాలు. చీఫ్ నోట ఇంతవరకూ ఒక్క మంచిమాట వినలేదు.

"టార్గెట్ ఎవరు మేడమ్?"

"బ్రౌజర్."

ధనరాజు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

"సముద్రం మీద సైన్యం ఫైరింగ్ టెస్టులున్న రోజున పడవలు పోకూడదు. ముందురోజు సాయంత్రం నాలుగింటికి హెచ్చరికల పేజీలో ఆర్డరు వస్తుంది. 'క్లియర్' అని ఉంటేనే సొసైటీ క్లర్కు ఒడ్డున ఎర్రజెండా దింపిస్తుంది. దిగితే నలభై రెండు పడవలు పోతాయి. ఆ పేజీ పన్నెండేళ్లనాటి బ్రౌజర్‌లో తప్ప తెరుచుకోదు."

"కొత్తది పెట్టించొచ్చుగా?"

"ఫైలు ఆరేళ్లుగా ఢిల్లీలో తిరుగుతోంది. రేపు ఫైరింగ్ ఉంది. ఇవాళ నాలుగింటికి అవతలి దేశపు ముఠా ఆ బ్రౌజర్‌లో దొంగ క్లియర్ చూపించబోతోంది. వాళ్లకి శవాలు కావాలి. తీరమంతా మనమీద తిరగబడాలి."

"కంప్యూటర్ ఆపేస్తే?"

"పేజీ రాకపోతే జెండా దిగదు, నిజమే. మరి కొండలు సంగతి వాళ్లకి మోసింది ఎవరో ఎలా తెలుస్తుంది? అది మనలోని మనిషే. బ్రౌజర్ నడవాలి, కానీ ఎవరికీ లొంగకూడదు. వెళ్లు."

గాడ్జెట్లు ఇచ్చింది: ఒక స్క్రూడ్రైవరు, 'రాజా కంప్యూటర్స్' అని ముద్రించిన చొక్కా. పిస్తోలు అడిగితే మెకానిక్కులకి దేనికంది.

పదకొండింటికి అతను చమఖండిలో దిగేసరికి ఊరు ఊరంతా కొరకొర చూసింది. నాలుగు రోజులుగా జెండా దిగలేదు. వలలు ఎండుతున్నాయి, మనుషుల ఓపికా ఎండిపోయింది. సొసైటీ క్లర్కు సీతాలు అతన్ని ఎగాదిగా చూసి మూతి తిప్పుకుంది.

"మరొకడొచ్చినాడు. ఏటి పాడుసేత్తావు నువ్వు?"

"పేజీ ఎలా తెరుస్తావో చూపించమ్మా."

ఆవిడ తెరిచింది. తెరమీద ఏదో బాక్సు లేచింది. ఆవిడ వేలు మౌసు మీద టక్, టక్, టక్‌మంది. కళ్లు మాత్రం కిటికీ అవతల ఎండుచేపల మీద ఉన్నాయి.

"అదేంటి?"

"మూడుసార్లు ఓకే. అదడుగుద్ది, నాను కొడతాను. పన్నెండేళ్ల నుంచి ఇదే."

"ఏం రాసి ఉందో చదివావా?"

"ఇంగిలీసులో ఉంటాది. సదివితే బేగి వొచ్చీద్దా?"

ధనరాజుకి అప్పుడర్థమైంది. ముఠాకి బాంబు అక్కర్లేదు, ఈ వేలు చాలు. దొంగ పేజీని అసలుదని బ్రౌజర్ నమ్మాలంటే ఒక కొత్త డిజిటల్ సంతకాన్ని అందులో చేర్చాలి. చేర్చేముందు అది మనిషిని అడుగుతుంది. ఇక్కడి మనిషి ఏమడిగినా ఓకే అంటుంది.

నాలుగు గంటలు కూర్చున్నాడు. బ్రౌజర్‌కి ఎవరెవరో తగిలించిన పదకొండు ప్లగిన్‌లు పీకాడు. ఆ ఒక్క అడ్రసు తప్ప ప్రపంచంలో మరేదీ తెరుచుకోకుండా దారులన్నీ మూశాడు. సీతాలు అకౌంటు నుంచి అడ్మిన్ హక్కులు తీసేశాడు. రోజూ లేచే ఆ మూడు బాక్సులూ ఇక లేవకుండా సెట్టింగులు సరిచేశాడు. ముసలి బ్రౌజర్ గుమ్మం దాటని ఇల్లాలిలా కుదురుగా కూర్చుంది.

"నా పాటలేవి?" అంది సీతాలు.

"తీసేశాను."

"సీరియలు?"

"అదీ తీసేశాను."

"నీ సేతులిరగ. ఊర్లో ఎవుడూ నిన్ను రమ్మన్లేదు."

"తిట్టు. ఒక్కమాట మాత్రం విను. ఇకమీద బాక్సు రాదు. వచ్చిందంటే మీ ఆయన పడవ మీద పరాయివాడెవడో చెయ్యి వేశాడన్నమాట. ఓకే కొట్టకు. వైరు లాగెయ్."

ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి ఎండుచేపల మీది కాకుల్ని అదిలించింది. విన్నదో లేదో అతనికి తెలియలేదు.

మూడూ యాభైకి గుమ్మం నిండా జనం. ముందు నిలబడ్డవాడు సీతాలు మొగుడు మసేను, ఊళ్లో అందరికంటే ముందు పడవ దింపేవాడు. వాళ్లని పక్కకి తప్పిస్తూ స్మిత వచ్చింది. బరంపురం పట్టుచీర, చలువకళ్లద్దాలు, ఆ చేపల వాసనలో కూడా తెలిసే సెంటు. ఛత్రపురంలో డిపార్టుమెంటు తరఫున ఉండే ఏజెంటు ఆవిడే. చక్రాలున్న ఆఫీసు కుర్చీ లాక్కుని ధనరాజు పక్కన కూర్చుంది.

"ఆకుపచ్చ అంచు దొరికిందా?" అంది మెల్లగా.

"నేయడం మానేశారు" అన్నాడు ధనరాజు. ఊపిరి పీల్చుకున్నాడు. మనిషి తోడొచ్చింది.

"చీఫ్ లాస్ట్ మినిట్ ప్యాచ్ పంపారు" అంటూ పెన్‌డ్రైవ్ గుచ్చింది.

గుచ్చాక తెలిసింది అతనికి. దారులన్నీ మూయమన్న చీఫ్ కొత్తగా దేన్నీ తెరవమనదు. నోరు తెరవబోతే హ్యాండ్‌బ్యాగులోంచి గట్టిగా ఏదో డొక్కలో ఆనింది.

"కొండలు కూడా ఇలాగే ఆలస్యంగా తెలుసుకున్నాడు" అంది స్మిత ఇంగ్లీషులో, నవ్వుతూ. "కదలకండి."

మూడూ యాభై ఎనిమిది. అతను మూసిన దారుల్ని పెన్‌డ్రైవ్ తెరిచేసింది. తెరమీద బాక్సు లేచింది.

"సీతాలమ్మా, ఓకే కొట్టు. క్లియర్ వచ్చేస్తుంది" అంది స్మిత తీయగా, మౌసు ఆవిడ వైపు తోసి. రోజూ కొట్టే చెయ్యే కొడితే ఊరు అనుమానించదు.

"కొట్టవే" అని గుమ్మంలోంచి అరిచాడు మసేను. "నాలుగు దినాలైనాది. ఏటి సూత్తున్నావు?"

సీతాలు వేలు మౌసు మీదికి వెళ్లింది. పన్నెండేళ్ల అలవాటు. ధనరాజు భయంతో ఆ వేలినే చూశాడు. జీవితంలో అతనికి ఏ తుపాకీ మీదా ఇంత భయం కలగలేదు.

వేలు ఆగింది.

"బాక్సు రాదన్నాడు" అంది సీతాలు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

"ఆడి మాటేటే? జెండా దించు."

"నువ్వెల్తే తిరిగొస్తావో రావో నాకు తెలాల మావా."

వంగి వైరు పట్టుకుని లాగింది. గోడలోని సాకెట్టు కూడా ఊడొచ్చింది. తెర ఆరిపోయింది.

స్మిత బ్యాగులోంచి పిస్తోలు పైకి తీసి సీతాలు వైపు తిప్పింది. డొక్కలోంచి పిస్తోలు తొలగగానే ధనరాజు చక్రాల కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. పట్టుచీర, కళ్లద్దాలు, పిస్తోలు దేనిదారిన అది గుమ్మం దాకా దొర్లాయి. తుపాకీ కాళ్ల దగ్గరికొచ్చి ఆగేసరికి మసేనుకి సంగతి బోధపడింది. స్మిత లేవబోతే చేపల గంప తెచ్చి నెత్తిన బోర్లించి, దానిమీద కూర్చున్నాడు. గోడగడియారం నాలుగు కొట్టింది. ఎర్రజెండా దిగలేదు.

మర్నాడు పదింటికి సముద్రం మీద ఫిరంగులు మోగాయి. దూరాన నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. సరిగ్గా మసేను వల వేసే చోటు. ఇసకమీద నలభై రెండు పడవలున్నాయి. వాటి పక్కన మగవాళ్లు నిలబడి చూశారు. మసేను పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. ఊరందరి ముందూ అలా పట్టుకోవడం అదే మొదలు.

ధనరాజు ఫోన్ మోగింది.

"మంచిపని చేశావు" అంది చీఫ్. పదేళ్లలో మొదటి మంచిమాట. "రిపోర్టు మాత్రం గంటలో పెట్టు. లింకు పంపాను."

అతను లింకు నొక్కాడు. ఈ ఫారం పాత బ్రౌజర్‌లో మాత్రమే తెరుచుకుంటుంది అని వచ్చింది.

తలెత్తి చూశాడు. సొసైటీ గుమ్మంలో సీతాలు నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. రెండో చేతిలో వైరు.

"ముందు నా పాటలెట్టు" అంది.